ఒక్క పూటలో తేలని సంగతి

సోమవారం పొద్దున పిల్లాడికి కడుపునొప్పి. ఆదివారం ఉండదు, దసరా సెలవుల్లో అసలే ఉండదు. పిల్లల డాక్టరు స్కానింగ్ తీయించారు, రక్తపరీక్ష చేయించారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. చివరికి, ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించండని చీటీ రాసిచ్చారు. చాలా ఇళ్లలో ఆ చీటీ బీరువాలో బట్టల కింద నెలల తరబడి ఉండిపోతుంది. ఈలోగా అమ్మమ్మ దిష్టి తీస్తుంది, పక్కింటావిడ చెప్పిన దర్గాలో తాయెత్తు కట్టిస్తారు, బాబాయి వచ్చి "నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు" అంటాడు. దిష్టి తీసినందువల్ల నష్టమేమీ లేదు. తీశాం కదా అని ఊరుకోవడం వల్లే నష్టం. తగిలించడం మాత్రం నేరుగా చెరుపే. ఉన్న భయానికి ఇంకో భయం తోడవుతుంది, పైగా రేపు డాక్టరు ముందు వాడు నోరు విప్పడు.

ఈ అధ్యాయం ఆ చీటీ బయటికి తీద్దామా వద్దా అని ఊగిసలాడుతున్న అమ్మానాన్నల కోసం. మీ ఇంటికే వచ్చిన కష్టమేమీ కాదిది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది ఉన్న తరగతి గదిలో ఇంచుమించు ముగ్గురు.

పది నిమిషాల్లో పేరు పెట్టేస్తే

డిప్రెషన్‌నీ, ఆటిజాన్నీ, ఏడీహెచ్‌డీనీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. అందుకే ఇక్కడ డాక్టరు చేతిలో ఉన్న ప్రధాన సాధనం విచారణే. తల్లిదండ్రులతో మాట్లాడాలి, పిల్లతో విడిగా మాట్లాడాలి, బడి నుంచి సమాచారం తెప్పించుకోవాలి, కడుపులో ఉన్నప్పటి నుంచి ఇప్పటిదాకా ఎదుగుదల ఎలా సాగిందో తెలుసుకోవాలి, ఒంటిని పరీక్షించాలి, అవసరమైతే సైకాలజిస్టు చేత పరీక్షలు చేయించాలి. ఇదంతా కలిపి కొన్ని గంటల పని. మామూలుగా రెండు మూడు సార్లు రమ్మంటారు. రద్దీ ఓపీలో పది నిమిషాలు చూసి "ఏడీహెచ్‌డీ అమ్మా, ఈ మాత్ర వాడండి" అని పంపించేస్తే అది పూర్తి అసెస్‌మెంట్ కాదు. ఆ డాక్టరు చెప్పింది నిజమే కావచ్చు, కానీ నిజమో కాదో తేల్చుకునేంత పని అక్కడ జరగలేదు.

ఎందుకింత సేపు? ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకణ్ని ఊహించుకుందాం. "క్లాసులో ధ్యాస లేదు, ఎప్పుడూ కిటికీలోంచి చూస్తుంటాడు" అని టీచరు డైరీలో రాసింది. అది ఏడీహెచ్‌డీ కావచ్చు. లేదా అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమై, చదవలేక, చదవలేనని చెప్పుకోలేక కిటికీ వైపు తిరుగుతూ ఉండవచ్చు. ఒక చెవి సరిగా వినపడకపోవచ్చు. రాత్రి రెండింటిదాకా దుప్పట్లో ఫోను చూసి నిద్ర చాలకపోవచ్చు. ఇంట్లో అమ్మానాన్నలు విడిపోతారేమో అని గుబులు కావచ్చు. బస్సులో పెద్ద పిల్లలు ఏడిపిస్తుంటే ఆ భయమే రోజంతా మెదులుతుండవచ్చు. కొన్ని క్షణాలపాటు ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఆగిపోయే రకం మూర్ఛ కూడా ఒకటి ఉంది. దాన్ని ఈఈజీ పట్టిస్తుంది, టీచరు మాత్రం పరధ్యానం అనుకుంటుంది. ధ్యాస లేకపోవడం జ్వరం లాంటిది, దాని వెనక ఏదైనా ఉండవచ్చు. ఒకే పిల్లాడిలో రెండు మూడు కలిసి ఉండటం కూడా మామూలే.

ఏడీహెచ్‌డీ అని తేల్చడానికి కొన్ని షరతులున్నాయి. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఒక్కచోటే కాక ఇంట్లో, బడిలో, ఇలా రెండు మూడు చోట్ల కనిపించాలి. అందుకే "ఇంట్లో బంగారంలా ఉంటాడండీ, ఆ టీచరుకే గిట్టదు" అనే తండ్రి మాటా, "క్లాసంతా పాడుచేస్తున్నాడు" అనే టీచరు మాటా పొసగకపోతే, ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని మంచి డాక్టరు అనుకోరు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతుకుతారు. బడిలోనే కనిపించేదానికి బడిలోనే కారణం ఉండవచ్చు. తండ్రి, టీచరు, పిల్లాడు ముగ్గురు మూడు రకాలుగా చెప్పినా ముగ్గురి మాటా డాక్టరుకు కావాలి. మీ మాట నెగ్గించుకోవడానికి మాత్రం వెళ్లకండి.

పదహారేళ్ల వాళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఆ వయసులో డిప్రెషన్ ఏడుపుగానే బయటపడాలని లేదు. చిరాకుగా, విసురుగా, తలుపు ధడాలున వేయడంగా కూడా బయటపడుతుంది. "టీనేజి పొగరు" అని కొట్టిపారేసే ముందు నిద్ర, తిండి, స్నేహితులు, మార్కులు, ఈ నాలుగింటిలో ఏమి మారిందో చూడండి. రెండు మూడు వారాలుగా రెండు మూడు మారి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఆగకూడని సందర్భం

"చచ్చిపోవాలనుంది" అన్నా, చేతులు కోసుకుంటున్నట్టు తెలిసినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, లేనివి కనిపిస్తున్నాయి వినిపిస్తున్నాయి అంటున్నా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకండి. ఆ రోజే దగ్గర్లోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం వద్దు. సూటిగా, కోపం లేకుండా అడగడం వల్ల ప్రమాదం పెరగదు. చాలామంది పిల్లలు హమ్మయ్య, ఎవరో ఒకరు అడిగారు అనుకుంటారు. మన ఊళ్లలో ఇంకో పని వెంటనే చేయాలి. పశువుల కొట్టంలో ఉన్న పురుగుల మందు డబ్బా, ఎలుకల మందు, తాతయ్య బీపీ మాత్రలు, అన్నీ తాళం వేసి పెట్టండి, లేదా వేరేచోటికి పంపేయండి. పిల్లను రాత్రిపూట ఒంటరిగా పడుకోనివ్వకండి.

ఎవరి దగ్గరికి, ఎక్కడికి

కౌన్సెలరు, సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకటి కాదు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు చేస్తారు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడంలో తప్పులేదు. కాలేజీలో కూర్చునే కౌన్సెలరు మొదట గుర్తుపట్టగలరు, ధైర్యం చెప్పగలరు, కానీ వ్యాధి నిర్ధారణ వాళ్ల పని కాదు. పిల్లల మానసిక వైద్యంలోనే ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లు దొరికితే మంచిదే, కానీ మన దగ్గర వాళ్లు చాలా తక్కువ. పెద్ద నగరాలకు దూరంగా ఉన్నవాళ్లు వాళ్ల కోసం నెలలు ఆగడం కంటే, పిల్లల్ని తరచూ చూసే మామూలు సైకియాట్రిస్టుతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

డబ్బు సంగతికి వస్తే, ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక విభాగాలుంటాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఎప్పటినుంచో ఉన్నవే. "ఎర్రగడ్డకా!" అని ముఖం చిట్లించేవాళ్లు అక్కడి ఓపీ వరండాలో ఒక పూట కూర్చుంటే చాలు. అక్కడ వరుసలో ఉండేది నిద్రపట్టనివాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, మామూలు జనం. ఎదుగుదలలో వెనకబాటు, ఆటిజం, తెలివితేటల పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. చిన్నపిల్లలకైతే ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో డీఈఐసీలున్నాయి, అంటే ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే కేంద్రాలు. కేసు మరీ చిక్కుగా ఉంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకూ కౌమారులకూ ప్రత్యేక విభాగమే ఉంది.

నోటుబుక్కు

అపాయింట్‌మెంటు దొరికిన రోజు నుంచి వెళ్లే రోజుదాకా ఒక నోటుబుక్కు పెట్టండి. అసెస్‌మెంట్‌లో సగం పని ఇక్కడే అయిపోతుంది. రాయడంలో ఒకటే కిటుకు: మీ తీర్పు రాయకండి, చూసింది రాయండి. "మొండితనం ఎక్కువైంది" అంటే డాక్టరుకు ఏమీ అర్థంకాదు. ఇలా రాస్తే అర్థమవుతుంది:

"మంగళవారం రాత్రి 8.40. లెక్కల హోంవర్కు. మొదటి లెక్క వేసి చెరిపాడు, మళ్లీ వేసి చెరిపాడు, కాగితం చిరిగింది. నేను 'ఏమైందిరా' అన్నాను. పెన్సిలు విసిరేశాడు. బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకుని ఇరవై నిమిషాలున్నాడు. వచ్చాక చేతులు ఎర్రగా ఉన్నాయి, చాలాసేపు కడిగినట్టున్నాడు. అన్నం తినలేదు."

ఈ వాక్యాల్లో మొండితనం ఎక్కడా లేదు. తప్పు పోతుందేమోనన్న భయం, చేతులు చాలాసేపు కడుక్కోవడం ఉన్నాయి. తల్లికి అవి విడివిడి సంగతులు. చదివే డాక్టరు వాటిని కలిపి చూస్తారు. కళ్లు అదేపనిగా ఆర్పడం, భుజం ఎగరేయడం, ఉన్నట్టుండి చూపు నిలిచిపోవడం లాంటివి ఉంటే ఫోనులో వీడియో తీసి ఉంచండి. డాక్టరు గదిలో అవి రాకపోవచ్చు.

నోటుబుక్కుతో పాటు తీసుకెళ్లేవి: కాన్పు అయిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, ఒకటో తరగతి నుంచి ప్రోగ్రెస్ కార్డులు, పాత మందుల చీటీలు, రెండు మూడు నోట్సులు. తెలుగుదీ ఇంగ్లిషుదీ రెండూ ఉండాలి. నోట్సులు ఎందుకంటే, అక్షరాలు తారుమారు కావడం, సగంలో ఆగిపోయిన వాక్యాలు, మార్జిన్‌లో టీచరు ఎర్రసిరా వ్యాఖ్యలు, ఇవన్నీ మార్కుల కంటే ఎక్కువ చెబుతాయి. నడక ఎప్పుడు వచ్చింది, మాటలు ఎప్పుడు వచ్చాయి అని అడుగుతారు. గుర్తులేకపోతే అమ్మమ్మను అడిగి రాసుకోండి. పుట్టెంట్రుకలు తీయించిన ఫొటోలో కూర్చుని ఉన్నాడా నిలబడ్డాడా అని చూసినా కొంత తెలుస్తుంది.

ఇక అందరూ దాచేది ఒకటుంది, కుటుంబ చరిత్ర. మేనమామ బావిలో కాలుజారి పోయాడని ఇంట్లో చెప్పుకుంటారు, కాలుజారలేదని పెద్దవాళ్లకు తెలుసు. పెద్దమ్మ కాన్పు తర్వాత ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. తాతయ్య తాగుడు. మేనరికం. ఇవన్నీ డాక్టరు అడుగుతారు, అడిగినప్పుడు నిజం చెప్పండి. మా వైపు ఏమీ లేదు, అంతా వాళ్ల వైపే అని భార్యాభర్తలు గదిలోనే వాదులాడుకోవడం ఏ డాక్టరుకూ కొత్త కాదు. చెప్పుకోవడానికి మొహమాటమైతే కాగితం మీద రాసివ్వండి.

పిల్లకు ఏమని చెప్పాలి

"షుగర్ టెస్టుకు వెళ్దాం" అని తీసుకెళ్లి సైకియాట్రీ బోర్డు కింద కూర్చోబెట్టకండి. ఒకసారి అబద్ధం బయటపడ్డాక ఆ గదిలో జరిగే ప్రతిదీ అబద్ధంగానే కనిపిస్తుంది. చిన్నపిల్లలకు వెళ్లే ముందురోజు చెబితే చాలు: పొద్దున్నే నీకు కడుపునొప్పి ఎందుకొస్తోందో కనుక్కునే డాక్టరు, బొమ్మలుంటాయి, మాట్లాడతారు, ఇంజెక్షను ఉండదు. పెద్దపిల్లలకు కొన్ని రోజుల ముందే చెప్పాలి. ఇంటర్ హాస్టల్ నుంచి వచ్చిన అమ్మాయితో సంభాషణ ఇలా సాగవచ్చు.

"నాకేమన్నా పిచ్చా నాన్నా?"

"కాదు తల్లీ. రెండు నెలలుగా నువ్వు నిద్రపోవట్లేదు. నాకూ అమ్మకూ భయంగా ఉంది. ఎందుకో తెలిసినవాళ్లను అడుగుదాం."

"కాలేజీలో తెలిస్తే?"

"మేం చెప్పం. నువ్వు చెప్పాలనుకుంటే నీ ఇష్టం."

"నేను అక్కడ ఏమీ మాట్లాడను."

"సరే. వచ్చి కూర్చో చాలు."

ఆ చివరి మాట ముఖ్యం. మాట్లాడి తీరాలన్న షరతు పెట్టకపోతే చాలామంది పావుగంటలో మాట్లాడతారు.

ఆ గదిలో

మొదట అందరితో కలిపి, తర్వాత మీతో విడిగా, పిల్లతో విడిగా మాట్లాడతారు. మిమ్మల్ని బయటికి పంపితే అవమానంగా తీసుకోకండి. చిన్నపిల్లల చేత బొమ్మలు వేయిస్తారు, ఆడిస్తారు. అది కాలక్షేపం కాదు, చూపు కలుపుతున్నాడా, ఓడిపోతే ఏం చేస్తున్నాడు అని గమనిస్తుంటారు. మీరు లోపల ఉన్నప్పుడు పిల్లను అడిగిన ప్రశ్నకు మీరు జవాబివ్వకండి. "నీకు ఇష్టమైన ఆట ఏంటి నాన్నా?" అని డాక్టరు అడిగితే "క్రికెట్టండీ, పొద్దస్తమానం అదే" అని తల్లి అందుకుంటుంది. డాక్టరు తెలుసుకోవాలనుకున్నది ఆట పేరు కాదు, వాడు ఎంతసేపటికి ఎలా జవాబిస్తాడన్నది.

విడిగా చెప్పినవన్నీ డాక్టరు మీకు చెప్పరు. ప్రాణానికి ముప్పు ఉంటే చెబుతారు. లైంగిక హింస బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. పరువు పోతుందని డాక్టర్ని బతిమాలడం వల్ల చట్టం మారదు. మిగిలినవి పిల్ల తానుగా చెప్పేదాకా ఆగండి. ఆటో ఎక్కగానే "ఏం చెప్పావ్, మా గురించి ఏమన్నావ్?" అని మొదలుపెట్టారంటే రెండోసారి వెళ్లడం దండగ.

సైకాలజిస్టు చేసే పరీక్షల్లో తెలివితేటలకు మాలిన్ స్కేలు, బినే–కామత్ వాడుతుంటారు. రోజువారీ పనుల్లో ఎదుగుదలకు వైన్‌ల్యాండ్ స్కేలు. దీనికి జవాబులు చెప్పేది సాధారణంగా తల్లే. ఆటిజానికి ఐసా అనే మన దేశపు స్కేలు ఉంది, సికింద్రాబాద్ సంస్థలోనే తయారైంది. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక్క ప్రశ్న మాత్రం తప్పక అడగండి: ఏ భాషలో చేస్తారు? ఇంగ్లిషు మీడియం చదువుతున్నాడని ఇంగ్లిషులోనే చేస్తే, ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లాడికి అంకె తగ్గి వస్తుంది, అది తెలివి తక్కువ కావడం కాదు. రాత్రి నిద్ర, పొద్దున టిఫిను, కళ్లజోడు, ఈ మూడూ ఉన్నాకే పరీక్షకు కూర్చోబెట్టండి. జలుబు చేసి ముక్కు కారుతుంటే ఇంకో రోజు అడగండి. వినికిడి, చూపు పరీక్షలు, రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడమంటే, మనసు సమస్యకు ఇవెందుకని విసుక్కోకండి.

బడికి పంపే ఫారాల దగ్గర చాలామంది జంకుతారు, టీసీ చేతికిస్తారేమోనని. ఫారం మీద సాధారణంగా వ్యాధి పేరు ఉండదు, పిల్లాడి ప్రవర్తన గురించి ప్రశ్నలే ఉంటాయి. ప్రిన్సిపాల్ దాకా వెళ్లకుండా క్లాసు టీచర్నే అడిగి, కవరులో పెట్టి అంటించి ఇమ్మనండి.

చెప్పే రోజు

అంతా అయ్యాక ఫలితం చెప్పడానికి ఒక రోజు ఇస్తారు. ఇద్దరూ వెళ్లండి. ఒక్కరే వెళ్తే ఇంటికొచ్చి సగం మాటలు మరిచిపోతారు, మిగతా సగం దగ్గర పోట్లాట వస్తుంది. ఏ ఆధారాల మీద ఈ మాట అంటున్నారు, ఇంకేమైనా అయ్యే అవకాశం ఉందా, మొదట ఏం చేయాలి, ఎన్నాళ్లకు మార్పు కనిపించాలి, కనిపించకపోతే ఏమిటి, ఇవి అడగండి. "ఇప్పుడే చెప్పలేను, ఆరు నెలలు చూద్దాం" అన్న డాక్టరు చేతకానివాడని అనుకోకండి. పిల్లలు ఎదుగుతుంటారు, పేరు కూడా మారుతుంటుంది. నచ్చకపోతే రిపోర్టు పట్టుకుని ఇంకొకరికి చూపించవచ్చు, మంచి డాక్టరు దానికి నొచ్చుకోరు.

అందరికీ మందులు అక్కర్లేదు. కొందరికి థెరపీ, కొందరికి బడిలో మార్పు, కొందరికి అమ్మానాన్నలకే శిక్షణ. మందు రాస్తే మొదటి కొన్ని వారాలు దగ్గరుండి గమనించండి, ముఖ్యంగా డిప్రెషన్ మందులు వాడే కౌమారుల్లో చిరాకు, అశాంతి, చావు ఊసులు పెరిగితే వెంటనే ఫోను చేయండి. బాగుందని మీకు మీరే మానిపించకండి.

"రేపు పెళ్లికి ఇబ్బంది కాదా?" అని అడుగుతారు, ఆడపిల్లల విషయంలో మరీ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ పిల్ల వైద్య వివరాలు గోప్యం. అదే చట్టం మానసిక వైద్యానికి కూడా శారీరక వైద్యంతో సమానంగా బీమా వర్తింపజేయాలంటుంది; పాలసీ తిరగేసి చూడండి. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పద్దెనిమిది లోపు వాళ్లను పెద్దల వార్డులో ఉంచకూడదు, మీరో, మీ తరఫు మనిషో వెంట ఉండాలి.

నేర్చుకోవడంలో ఇబ్బంది అని తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తిస్తుంది. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు బోర్డు నిబంధనల్ని బట్టి దొరుకుతాయి. వాటికి ప్రైవేటు రిపోర్టు చాలదు, ప్రభుత్వ ఆసుపత్రి ధ్రువపత్రం అడుగుతారు, దానికి తిరగాల్సిన తిరుగుడు తిరగాలి. తొమ్మిదిలో ఉండగానే మొదలుపెట్టండి. బడికి మాత్రం రిపోర్టు మొత్తం ఇవ్వకండి. మేనమామ సంగతి స్టాఫ్‌రూముకు అక్కర్లేదు. పిల్లవాడికి ఏమేమి సాయం కావాలో ఒక్క పేజీలో రాసిమ్మని డాక్టర్ని అడిగి, ఆ పేజీ జిరాక్సు ఇవ్వండి.